జర్మనీ శునక జాతులు: పుట్టుక, పని, స్వభావం

అల్సేషియన్, పామేరియన్, డాబర్మన్, రాట్‌వీలర్, డాష్‌హండ్, బాక్సర్, గ్రేట్ డేన్. తెలుగు రాష్ట్రాల్లో పెంపుడు కుక్కల ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినిపించే ఈ పేర్లన్నీ జర్మనీలో రూపుదిద్దుకొన్న జాతులవే. వీటిలో రెండు పేర్లు ఆ మూలాన్ని మరుగుపరుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ అన్న మాటపై ఏర్పడిన వ్యతిరేకత కారణంగా బ్రిటిష్ వారు జర్మన్ షెపర్డ్‌ను అల్సేషియన్ అని పిలవసాగారు. ఆ పేరే వలస పాలన వెంట భారతదేశానికి వచ్చి నిలిచిపోయింది. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ 1977లో అసలు పేరును పునరుద్ధరించినా మన వాడుకలో అల్సేషియన్ నేటికీ వినిపిస్తూనే ఉంది. గ్రేట్ డేన్ పేరులో డెన్మార్క్ ఉన్నప్పటికీ ఆ జాతి రూపుదిద్దుకొన్నది అక్కడ కాదు. జర్మన్లు దానిని డాయిచె డాగె, అనగా జర్మన్ మాస్టిఫ్ అంటారు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, పశువైద్యులకు ఎదురయ్యే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఇంటికి, తోటకు, కోళ్ళ షెడ్డుకు కాపలాగా ఏ జాతి కుక్క మంచిది? దీనికి జవాబుగా ప్రచారంలో ఉన్న తెలివైనది, విశ్వాసం గలది, కోపిష్ఠి వంటి విశేషణాల వల్ల ఒరిగేది స్వల్పం. గొర్రెల మందను హద్దులో ఉంచే కుక్క తెలివి వేరు, బొరియలోకి దూరే కుక్క తెలివి వేరు. ఒక జాతి స్వభావం దాని చేత తరతరాలుగా చేయించిన పనిని బట్టి ఏర్పడుతుంది. ఆ పనికి పరీక్ష పెట్టి, నెగ్గిన వాటినే సంతానోత్పత్తికి వాడినంత కాలం ఆ స్వభావం నిలుస్తుంది. పరీక్ష ఆగిపోతే పేరూ రూపమూ మిగులుతాయి, స్వభావం మాత్రం కొద్దికొద్దిగా జారిపోతుంది. జర్మనీ జాతుల చరిత్రలో ఈ రెండు దశలూ స్పష్టంగా కనిపిస్తాయి. వీటిలో చాలా జాతులకు సంఘాలు, వంశావళి పుస్తకాలు, జాతి ప్రమాణాలు 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో ఏర్పడినందున ఆ తరువాతి కథ కాగితంపై నమోదై ఉంది.

పైరు అంచున నడిచిన కుక్క

జర్మన్ షెపర్డ్‌ను అర్థం చేసుకోవాలంటే ముందుగా జర్మనీ గొర్రెల పెంపకాన్ని చూడాలి. మధ్య జర్మనీలోని థురింగియాలోను, నైరుతిలోని వ్యుర్టెంబర్గ్‌లోను పొలాలు కంచెలు లేని సన్నని పట్టీలుగా ఉండేవి. ఒక పట్టీలో కోత పూర్తయి మోళ్లు మిగిలితే, పక్క పట్టీలో వేరొక రైతు పైరు నిలిచి ఉండేది. కాపరి తన మందను ఆ మోళ్లలో మేపుకోవాలి, పక్క పైరులో ఒక్క గొర్రె కూడా మూతి పెట్టరాదు. రాత్రి వేళ మందను ఒక పొలంలో దడి కట్టి నిలిపేవారు. ఆ ఎరువుకు గాను రైతులు కాపరికి సొమ్ము చెల్లించేవారు. గొల్ల, కురుమ కాపరుల మందలను రాత్రిపూట తమ చేలలో పెట్టించుకొనే తెలంగాణ, రాయలసీమ రైతులకు ఈ ఏర్పాటును వివరించవలసిన పని లేదు.

ఇక్కడ కుక్క చేసే పని, కదిలే కంచెగా ఉండటం. స్కాట్లండ్ సరిహద్దుల్లోని బోర్డర్ కోలీ కొండలపై చెదిరిన గొర్రెలను నేలకు వంగి, చూపుతో బెదిరించి కాపరి వద్దకు పోగుచేస్తుంది. జర్మన్ కాపరి కుక్కకు పోగుచేయడం ప్రధానం కాదు. పైరుకూ మందకూ మధ్య ఉన్న నాగటి చాలు వెంట అది రోజంతా ఇటూ అటూ దుడుకు నడకతో తిరగాలి, చాలు దాటబోయిన గొర్రెను వెనక్కు మళ్లించాలి. మొండికేసిన గొర్రెను మెడ, వీపు లేదా తొడ భాగంలో పంటితో పట్టి, గాయం కాకుండా వెంటనే వదలాలి. కాపరి మందకు ముందుండి నడుస్తాడు. వందల గొర్రెల అవతల ఉన్న కుక్కకు ప్రతి క్షణం ఆజ్ఞ ఇవ్వడం సాధ్యం కాదు. అందుచేత హద్దును తానే గుర్తుంచుకోవడం, సొంతంగా నిర్ణయించడం, అంతలోనే కాపరి వైపు చూస్తూ ఉండటం అనే మూడు గుణాలూ ఒకే జంతువులో కావలసి వచ్చాయి. అలుపెరగని దుడుకు నడకకు అనువైన దేహనిర్మాణం కూడా ఈ పని ఫలితమే.

అశ్వికదళ అధికారి మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ (1864–1936) ఈ కాపరి కుక్కలను గమనించి వాటిని ఒక జాతిగా స్థిరపరచాలని సంకల్పించాడు. 1899 ఏప్రిల్ 3న కార్ల్స్‌రూహెలో జరిగిన ప్రదర్శనలో హెక్టర్ లింక్స్‌రైన్ అనే మగ కుక్కను చూసి కొని, హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్ అని పేరు మార్చాడు. అదే నెల 22న జర్మన్ షెపర్డ్ సంఘం ఏర్పడింది. దాని వంశావళి పుస్తకంలో ఒకటవ సంఖ్య హోరాండ్‌దే. నిక్కిన చెవులు, తోడేలు వన్నె, చురుకుదనం గల థురింగియా కుక్కలను, వాటికంటె పెద్దవై నెమ్మది గల వ్యుర్టెంబర్గ్ కుక్కలను కలిపి కావలసిన రూపాన్నీ స్వభావాన్నీ సాధించడం ఆ సంఘం చేసిన ప్రయత్నం. హోరాండ్‌ను, దాని సంతానాన్ని దగ్గర బంధుత్వంలోనే విస్తారంగా వాడటం వల్ల జాతి త్వరగా ఏకరూపత పొందింది. జన్యు వైవిధ్యం ఆ మేరకు కుదించుకుపోయింది. పశు ప్రజననం చదివే విద్యార్థికి ఇది పరిచయమైన బేరమే.

అదే కాలంలో ఆస్ట్రేలియా ఉన్ని దిగుమతుల తాకిడికి జర్మనీలో గొర్రెల సంఖ్య పడిపోతూ ఉంది. మందలు తగ్గితే కాపరి కుక్కకు పని ఉండదు, పని లేని జాతి అలంకారప్రాయమవుతుంది. ఈ ప్రమాదాన్ని స్టెఫానిట్జ్ ముందుగానే గుర్తించి, పోలీసు, సైనిక శాఖలు తన కుక్కలను చేర్చుకొనేలా పట్టుదలతో ప్రచారం చేశాడు. విధేయత, వాసన పట్టడం, రక్షణ అనే మూడు అంశాల పరీక్ష ఆ ప్రయత్నంలో నుంచే పుట్టింది. యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు దారి చూపే కుక్కల శిక్షణ కేంద్రం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో ప్రారంభమైంది. చాలు వెంట హద్దు కాపాడిన గుణమే వీధిలో మనిషిని గోతినీ బండినీ తప్పించి నడపడానికి పనికివచ్చింది.

ఈ నేపథ్యం తెలిస్తే నేటి ఇళ్లలో కనిపించే ప్రవర్తన కూడా అర్థమవుతుంది. పని లేని జర్మన్ షెపర్డ్ ప్రహరీ గోడ వెంట దారి పడేలా తిరగడం, పరుగెత్తే పిల్లల మడమలు పట్టబోవడం, ద్విచక్ర వాహనాల వెంటపడటం దుర్బుద్ధి కాదు. మంద లేని కాపరి కుక్క చేస్తున్న కాపలా అది. శిక్షతో ఆ ప్రవర్తన అణగదు. రోజుకు రెండు పూటలా నడక, వాసన పట్టి వెదికే ఆటలు, ఆజ్ఞాపాలన అభ్యాసం వంటి ప్రత్యామ్నాయ పని దొరికితే తగ్గుతుంది.

కటికవాని కుక్క, పన్ను వసూలుదారుని కుక్క

రాట్‌వీలర్ పేరు వ్యుర్టెంబర్గ్‌లోని రాట్‌వైల్ పట్టణం నుంచి వచ్చింది. రోమన్ల కాలపు స్థావరంపై వెలసిన ఈ పట్టణం మధ్యయుగం నుంచి పశువుల సంతకు కేంద్రం. కటికవారు, పశువుల వర్తకులు దూరప్రాంతాల్లో కొన్న ఎడ్లను రోజుల తరబడి తోలుకొని రావడానికి ఈ కుక్కలను వాడేవారు. రాత్రి మజిలీలలో సొమ్ముకూ పశువులకూ కాపలా, పట్టణంలో మాంసపు బండి లాగడం కూడా వీటి పనే. ఎద్దును కదిలించాలంటే గొర్రెను మళ్లించే నేర్పు చాలదు. బరువు, ఎదురు తన్నులకు బెదరని గుండె, తనకంటె ఎన్నో రెట్లు పెద్ద జంతువును ఛాతీతో నెట్టే ధైర్యం కావాలి. పూర్తిగా ఎదిగిన మగ రాట్‌వీలర్ 61–68 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 50 కిలోల బరువు ఉండటానికి కారణం ఇదే. అనవసరంగా రెచ్చిపోయే కుక్క సంతలో ఎవరికీ పనికిరాదు కనుక నిబ్బరం కూడా అంతే అవసరమైన గుణంగా ఎంపికైంది.

రైలు మార్గాలు వచ్చి పశువులు పెట్టెల్లో ప్రయాణించడం మొదలయ్యాక ఈ కుక్కకు గడ్డుకాలం వచ్చింది. 20వ శతాబ్దపు తొలి నాళ్లకు జాతి అరుదైపోయింది. దానిని నిలబెట్టింది పోలీసు శాఖ. 1910లో రాట్‌వీలర్ పోలీసు కుక్కగా గుర్తింపు పొందింది. 1921లో వేర్వేరు సంఘాలు ఏకమై నేటి జర్మన్ రాట్‌వీలర్ సంఘం ఏర్పడింది. పశువులను తోలే కుక్క పోలీసు కుక్కగా మారే క్రమంలో రక్షణ స్వభావానికి అదనపు ప్రాధాన్యం లభించింది. నేడు ఆ జాతికి భయంకరమైన పేరు రావడంలో ఈ రెండవ వృత్తి పాత్ర మొదటి వృత్తి కంటె ఎక్కువ.

డాబర్మన్ కథ భిన్నమైనది. ఇక్కడ జాతి పేరే ఒక మనిషి పేరు. థురింగియాలోని అపోల్డా పట్టణంలో కార్ల్ ఫ్రీడ్రిష్ లూయిస్ డాబర్మన్ (1834–1894) పన్నులు వసూలు చేసేవాడు, వీధి కుక్కలను పట్టే బాధ్యత కూడా ఆయనకుండేది. సొమ్ముతో ఒంటరిగా తిరిగే వృత్తి కనుక వెంట ఉండి రక్షించే, ఎవరినీ దగ్గరకు రానివ్వని కుక్క ఆయనకు కావలసి వచ్చింది. తన వద్దకు చేరిన కుక్కల్లో చురుకైన, కరుకైన వాటిని జతకట్టించుకుంటూ పోయాడు. ఏ జాతులను కలిపాడో రాసిపెట్టలేదు. పాత జర్మన్ పిన్షర్, కటికవారి కుక్క, ఫ్రెంచి కాపరి కుక్క బోసరాన్ పేర్లు ఊహల్లో వినిపిస్తాయి. ఆయన మరణానంతరం ఓటో గోలర్ ఈ పనిని కొనసాగించగా 1899లో అపోల్డాలోనే సంఘం ఏర్పడింది. తొలినాటి కుక్కలు యజమానికి సైతం లొంగడం కష్టమయ్యేంత కరుకైనవి. ఆ కరుకుదనాన్ని తగ్గించడమే తరువాతి పెంపకందారులు చేసిన ప్రధాన కృషి. మనిషికి అంటిపెట్టుకొని ఉండటం, అతి వేగంగా స్పందించడం మాత్రం నేటికీ డాబర్మన్‌లో స్పష్టం. ఒంటరిగా గొలుసుకు కట్టి ఉంచడానికి ఇంతకంటె తగని జాతి మరొకటి ఉండదేమో.

డాబర్మన్ విషయంలో స్వభావం కంటె గుండె జబ్బు పెద్ద సమస్య. గుండె కండరం పలచబడి గది వ్యాకోచించే డైలేటెడ్ కార్డియోమయోపతిపై మ్యూనిక్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 412 కుక్కలను పరీక్షించారు. మొత్తం మీద జీవితకాలంలో సుమారు 58 శాతం కుక్కల్లో ఈ వ్యాధి కనిపించింది. చాలా కుక్కలు బయటకు ఏ లక్షణమూ లేకుండానే వ్యాధిని మోస్తాయి. ఆ దశలోనే వాటికి సంతానం కూడా కలుగుతుంది. కనుక ఈ జాతిలో మొదటిసారి జత కట్టించక ముందు, ఆ తరువాత ఏటా గుండె పరీక్ష చేయించమని పెంపకందారులకు చెప్పడం పశువైద్యుని కనీస బాధ్యత.

నేల కింద, నీటి మీద, అడవిలో

డాష్‌హండ్ పేరులోని డాక్స్ అన్న మాటకు అర్థం బేడ్జర్. నేలలో లోతైన బొరియలు తవ్వుకొని నివసించే బలమైన గోళ్ల జంతువది. ఆ బొరియలోకి దూరి, చీకట్లో, కదలడానికి చోటు లేని చోట దానిని ఎదిరించి నిలబెట్టి, పైనున్న వేటగాడు తవ్వడానికి గుర్తుగా మొరుగుతూ ఉండటమే ఈ కుక్క వృత్తి. ఒంటికి మించిన గొంతు దానికి అందుకే అవసరమైంది. నేల కింద యజమాని ఆజ్ఞ వినిపించదు. ముందుకు పోవాలా, వెనక్కు తగ్గాలా అన్నది కుక్కే తేల్చుకోవాలి. ఇంట్లో డాష్‌హండ్ పిలిస్తే రాదని, మొండిదని వినిపించే ఫిర్యాదుకు మూలం ఇక్కడ ఉంది. జర్మనీలో ఈ జాతి పరిమాణ వర్గాలను ఛాతీ చుట్టుకొలతతో నిర్ణయించే సంప్రదాయానికి కూడా బొరియే కారణం. కుక్క లోపలికి పడుతుందా లేదా అన్నది తూకం చెప్పదు, చుట్టుకొలతే చెబుతుంది.

చిన్న కుక్క కరవదన్న నమ్మకాన్ని ఈ జాతి పరీక్షకు పెడుతుంది. డఫీ, సూ, సెర్పెల్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన జాతుల తులనాత్మక అధ్యయనంలో మనుషుల పట్ల, ఇతర కుక్కల పట్ల దూకుడులో సగటును మించిన జాతుల్లో డాష్‌హండ్ ఉంది. పెద్ద కుక్క కాటు ఆసుపత్రికి చేరి వార్త అవుతుంది, చిన్న కుక్క కాటు ఇంట్లోనే సర్దుకుంటుంది. జాతి స్వభావంపై ప్రజాభిప్రాయం ఏర్పడే తీరులో ఈ తేడాకు పెద్ద స్థానం ఉంది.

పొట్టి కాళ్ల వెనుక జన్యుశాస్త్రం కూడా తెలిసిందే. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి 18వ క్రోమోజోములో చేరడం వల్ల కాళ్లు కురచబడతాయని 2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు చూపారు. అదే జన్యువు మరొక నకలు 12వ క్రోమోజోములో ఉన్నదని, అది వెన్నుపూసల మధ్య డిస్కులు ముందుగానే గట్టిపడి జారడానికి కారణమని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు వెల్లడించారు. కురచ కాళ్ల కోసం చేసిన ఎంపికతో పాటు వెన్ను జబ్బు కూడా వచ్చిందన్నమాట. డాష్‌హండ్‌ను మెట్లెక్కించరాదు, ఎత్తు మంచాల మీది నుంచి దూకనీయరాదు, బరువు పెరగనీయరాదు.

వేటకుక్కల చరిత్రలో 1848 ఒక మలుపు. అప్పటి వరకు ఇతరుల భూమిపై కూడా వేటాడే హక్కు ప్రభువర్గానిది. పక్షులకు ఒక గుంపు, జింకలకు మరొకటి, అడవిపందులకు వేరొకటి చొప్పున వారు కుక్కల మందలను పోషించేవారు. 1848 విప్లవంతో ఆ హక్కు భూమి యజమానులకు మారింది. రైతుకు, అటవీ ఉద్యోగికి అన్ని కుక్కలను పోషించే స్తోమత లేదు. కౌజును చూపి నిలబడటం, నీటిలో పడిన బాతును తెచ్చి ఇవ్వడం, గాయపడిన జింక జాడను పట్టుకొని పోవడం, ఈ మూడూ ఒకే కుక్క చేయాలి. జర్మన్ పొట్టిజుట్టు పాయింటర్, గరుకుజుట్టు డ్రాట్‌హార్, వైమరానర్ మొదలైన జాతులు ఈ అవసరం నుంచి నేటి రూపం పొందాయి. వీటి తత్వం రూపాన్ని పనితీరు ద్వారా సాధించడం. డ్రాట్‌హార్ సంఘంలో నేటికీ వసంతకాలపు, శరత్కాలపు వేట పరీక్షలు నెగ్గని కుక్కకు సంతానోత్పత్తి అర్హత లేదు. ఇంతటి పనితనం ఉన్న కుక్కను అపార్ట్‌మెంటులో పెంచితే అది సామాన్లు చింపడం, ఒంటరితనాన్ని భరించలేక అరవడం వింత కాదు.

పెరటిని విడిచి పోని స్పిట్జ్

వేటకుక్కకు సరిగ్గా వ్యతిరేక దిశలో ఎంపికైనది స్పిట్జ్. జర్మన్ రైతు ఇంటి పెరట్లో, సరుకు బండి మీద, ద్రాక్షతోటలో కాపలా కాసిన ఈ కుక్కలో వేట గుణం లేకపోవడమే అతి విలువైన లక్షణం. కుందేలు కనిపించిందని వెంటపడి పోయే కుక్క కాపలాకు పనికిరాదు. స్పిట్జ్ ఇల్లు విడువదు, కొత్తవారిని నమ్మదు, అలికిడి అయితే మొరుగుతుంది. నేడు జర్మనీ, పోలండ్‌ల మధ్య పంచుకోబడిన పొమరేనియా ప్రాంతం పేరుతో దాని చిన్న రూపం బ్రిటన్‌లో ప్రసిద్ధి పొందింది. బ్రిటిష్ వారితో భారతదేశానికి వచ్చిన స్పిట్జ్‌ల నుంచి ఇక్కడి వేడికి అలవాటుపడిన ఇండియన్ స్పిట్జ్ రూపొందింది. తెలుగు ఇళ్లలో పామేరియన్ అని పిలిచే తెల్లని కుక్కల్లో అధిక భాగం నిజానికి ఈ ఇండియన్ స్పిట్జ్‌లే. అతిగా మొరుగుతుందన్న ఫిర్యాదు వీటిపై తరచుగా వస్తుంది. మొరగడం కోసమే రెండు మూడు శతాబ్దాలు ఎంచుకొన్న కుక్క మొరగకుండా ఉండాలని కోరడం న్యాయం కాదు.

మిగిలిన జాతులను గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ష్నౌజర్ గుర్రపుశాలల్లో ఎలుకలు పట్టిన కుక్క. గ్రేట్ డేన్ పూర్వీకులు అడవిపందిని పట్టి నిలిపేవి. తుపాకి మెరుగై ఆ వేట తీరు మారాక వాటిని సంస్థానాల వాకిళ్లలో హుందాతనం కోసం పెంచారు, అందుచేత నేటి గ్రేట్ డేన్ భారీ దేహంతో పాటు మెత్తని స్వభావం కలిగి ఉంటుంది. దాని ఆయుర్దాయం తక్కువన్నది కొనేవారికి ముందే చెప్పాలి. బాక్సర్ మూలం బుల్లెన్‌బైసర్ అనే ఎద్దులను, అడవి జంతువులను పట్టే కుక్క. దాని సంఘం 1895లో మ్యూనిక్‌లో ఏర్పడింది. ఈ జాతికి శాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం కూడా దక్కింది. 2005లో ప్రచురితమైన కుక్క సంపూర్ణ జన్యుక్రమం టాషా అనే ఆడ బాక్సర్‌ది.

పరీక్ష ఉన్నచోట, లేనిచోట

జర్మనీ పెంపక వ్యవస్థలో వంశావళి పత్రం సంపాదించడం ఒక మెట్టు, సంతానోత్పత్తికి అర్హత పొందడం మరొక మెట్టు. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీళ్ల ఎక్స్‌రే 1960ల నుంచే అమలులో ఉంది. అత్యున్నత ఎంపికకు ఇరవై కిలోమీటర్లు సైకిలు పక్కన పరుగెత్తే ఓర్పు పరీక్ష, పనితనం పరీక్ష కూడా అవసరం. రాట్‌వీలర్‌కు, డాబర్మన్‌కు విడిగా ప్రజనన అర్హత పరీక్షలున్నాయి. అపరిచితుల గుంపు, అకస్మాత్తు శబ్దం, బెదిరింపు ఎదురైనప్పుడు కుక్క ఎలా స్పందిస్తుందో వాటిలో చూస్తారు. అకారణంగా దాడి చేసేదీ, భయంతో పారిపోయేదీ రెండూ అనర్హమే. భయం నుంచి పుట్టే కాటు ధైర్యం నుంచి పుట్టే కాటు కంటె ఎక్కువ ప్రమాదకరమన్నది ఈ పరీక్షలు రూపొందించినవారి అవగాహన.

ఇంత ఏర్పాటు ఉన్నా స్వభావం చెక్కుచెదరకుండా నిలిచిందని చెప్పలేము. 1925లో స్టెఫానిట్జ్ స్వయంగా క్లోడో ఫాన్ బాక్స్‌బర్గ్ అనే కుక్కను విజేతగా ప్రకటించడానికి, అప్పటికే జాతి ఎత్తుగా, చతురస్రాకారంగా మారుతూ స్వభావంలో లోపాలు పెరుగుతున్నాయన్న ఆందోళనే కారణం. 20వ శతాబ్దం రెండవ భాగంలో జర్మన్ షెపర్డ్ రెండు శాఖలుగా చీలింది. ప్రదర్శన శాఖలో వెనుక భాగం వాలు పెరిగి, పనిపై తపన తగ్గింది. పని శాఖలో తపన ఎంత పెరిగిందంటే సాధారణ కుటుంబం దానిని తట్టుకోవడం కష్టం. పేరు ఒకటే, కుక్కలు రెండు రకాలు. అనేక దేశాల పోలీసు దళాలు తేలికైన, వేగవంతమైన బెల్జియన్ మాలినాయిస్ వైపు మొగ్గడం ఈ పరిణామంలో భాగమే. తెలుగు రాష్ట్రాల పోలీసు జాగిలాల్లోనూ నేడు ఆ జాతి కనిపిస్తోంది.

భారతదేశంలో అధికభాగం కుక్కపిల్లలు ఈ పరీక్షల్లో ఏదీ లేకుండా, చాలాసార్లు వంశావళి పత్రం కూడా లేకుండా అమ్ముడవుతాయి. పత్రం ఉన్నా అది తల్లిదండ్రుల పేర్లు చెబుతుంది, వాటి గుణాన్ని చెప్పదు. కనుక జర్మన్ జాతి ప్రమాణంలో రాసిన స్వభావ వర్ణన మన అంగడిలో కొన్న పిల్లకు యథాతథంగా వర్తిస్తుందని భావించడం పొరపాటు.

జాతి ఎంత వరకు చెబుతుంది

అమెరికాలో మోరిల్ బృందం 2022లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం 18,385 కుక్కల యజమానుల సమాధానాలను, 2,155 కుక్కల జన్యు సమాచారాన్ని పరిశీలించింది. కుక్కల మధ్య కనిపించిన ప్రవర్తన భేదాల్లో జాతి వివరించగలిగినది సుమారు 9 శాతమే. మనిషి సూచనలకు స్పందించే గుణంలో జాతి ప్రభావం కొంత స్పష్టంగా కనిపించగా, తేలికగా రెచ్చిపోవడం వంటి గుణాల్లో అతి స్వల్పంగా తేలింది. పైన చెప్పిన చరిత్రకు ఇది విరుద్ధం కాదు. పని కోసం చేసిన ఎంపిక జాతి సగటును జరుపుతుంది, ఆ సగటు చుట్టూ వ్యక్తిగత భేదం విస్తారంగా ఉంటుంది. పాల దిగుబడిలో జాతి సగటు తెలిసినంత మాత్రాన ఎదురుగా ఉన్న గేదె ఎన్ని లీటర్లు ఇస్తుందో చెప్పలేకపోవడం వంటిదే ఇది.

ప్రమాదకర జాతుల చట్టాల విషయంలో ఈ భేదం కీలకం. జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రం 2000లో రాట్‌వీలర్, డాబర్మన్‌లతో సహా కొన్ని జాతులకు స్వభావ పరీక్ష విధించింది. హనోవర్ పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు అలా పరీక్షకు వచ్చిన 415 కుక్కలను పరిశీలించగా 95 శాతం సందర్భానికి తగినట్లే ప్రవర్తించాయి. సాధువుగా పేరుపడ్డ గోల్డెన్ రిట్రీవర్లకు అదే పరీక్ష పెట్టి పోల్చినప్పుడు గణనీయమైన తేడా కనిపించలేదు. ఆ రాష్ట్రం జాతుల జాబితాను విడిచిపెట్టి, 2013 నుంచి కొత్తగా కుక్కను పెంచే యజమానులకే పరిజ్ఞాన పరీక్ష పెట్టింది. బవేరియా మాత్రం రాట్‌వీలర్‌ను తన జాబితాలో కొనసాగిస్తోంది. భారత ప్రభుత్వం 2024 మార్చిలో రాట్‌వీలర్‌తో సహా 23 రకాల కుక్కల అమ్మకాన్ని, ప్రజననాన్ని నిలుపు చేయాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. ఇక్కడ ఒక విషయం మరువరాదు. యాభై కిలోల కుక్కలో అరుదైన తప్పు కూడా ప్రాణాంతకం కావచ్చు. తప్పు చేసే అవకాశం, ఆ తప్పు వల్ల కలిగే నష్టం అనేవి వేర్వేరు కొలతలు. వీటిలో ఒకదానిని మాత్రమే చూసి ఇచ్చే సలహా అసంపూర్ణం.

సలహా ఇచ్చే సందర్భంలో

కుక్క కోసం వచ్చిన వ్యక్తిని జాతి అడగడానికి ముందు పని అడగాలి. అలికిడి అయితే తెలియజేయడం మాత్రమే కావాలంటే ఇండియన్ స్పిట్జ్ లేదా ఊరి నాటు కుక్క చాలు. నాటు కుక్కకు ఇక్కడి ఎండ, మేత కొత్త కావు. రాట్‌వీలర్, జర్మన్ షెపర్డ్ అడిగినవారికి రోజుకు ఎంత సమయం కేటాయించగలరో, ఇంట్లో చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్నారో లేదో, కుక్కను అదుపు చేయగల పెద్దలు ఎందరో విచారించాలి. కాపలా కోసమని పగలంతా గొలుసుకు కట్టి రాత్రి వదిలే అలవాటు ఈ జాతుల్లో అనుమానాన్నీ కరుకుదనాన్నీ పెంచుతుంది.

వాతావరణం మరొక అంశం. కుక్క ప్రధానంగా రొప్పడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకొంటుంది. కోస్తా జిల్లాల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆవిరి కావడం తగ్గి ఈ మార్గం మందగిస్తుంది. పొట్టి ముక్కు గల బాక్సర్‌కు, స్థూలకాయపు రాట్‌వీలర్‌కు వడదెబ్బ ముప్పు అధికం. వేసవిలో వ్యాయామం తెల్లవారుజామున ముగియాలి. జర్మన్ షెపర్డ్, స్పిట్జ్‌ల రెండు పొరల బొచ్చును గుండుగా గొరిగించడం వేడికి విరుగుడు కాదు. రోజూ దువ్వి లోపలి ఊడిన బొచ్చును తొలగిస్తే గాలి ఆడుతుంది. రాట్‌వీలర్, డాబర్మన్ పిల్లల్లో పార్వో వ్యాధి తీవ్రంగా వచ్చే ధోరణి నమోదైనందున టీకాల వరుసలో ఒక్క మోతాదు కూడా తప్పరాదు.

పిల్ల మెదడు కొత్త మనుషులను, శబ్దాలను, ఇతర జంతువులను సహజంగా స్వీకరించే కాలం మూడవ వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఉంటుంది. ఆ రోజుల్లో వరండా మూలన బుట్టలో గడిపిన పిల్ల ఏ జాతిదైనా పెద్దయ్యాక భయస్థురాలవుతుంది. తల్లి నుంచి నెలరోజులకే వేరుచేసి అమ్మడం వల్ల తోబుట్టువులతో ఆడుకొంటూ కాటు బలాన్ని అదుపు చేసుకొనే పాఠం కూడా దానికి దక్కదు. 2017 నాటి కుక్కల ప్రజనన, విక్రయ నియమాలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడాన్ని నిషేధించాయి, పెంపకందారుడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని నిర్దేశించాయి. కొనేవారు ఆ నమోదు సంఖ్యను అడగవచ్చు. దానితో పాటు తల్లి కుక్కను చూపమని కూడా అడగాలి. కొత్త మనిషి దగ్గరకు వచ్చినప్పుడు తల్లి మంచం కింద దూరినా, అదుపు లేకుండా మీదపడినా, ఆ ఈతలో పిల్లను తీసుకోకపోవడం మేలు. తల్లిని చూపడానికి అమ్మకందారుడు నిరాకరిస్తే అక్కడ కొనవద్దని చెప్పడానికి వేరే పరీక్ష అక్కరలేదు.